కుటుంబంతో స్కూబా, 4వ పాఠం: కరీబియన్‌లో మన ఇంటికి సరిపోయే దీవి ఏది?

గత పాఠంలో చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం, మాస్క్‌లోకి చేరిన నీళ్లను ముక్కుతో ఊది బయటికి పంపడం చూశాం. రెండు వారాలు పూల్‌లో సాధన చేయమన్నాను. ఇంట్లో డైవ్ చేసేవాళ్లందరూ ఆ రెండూ కంగారు లేకుండా చేయగలుగుతుంటే ఈ పాఠానికి సిద్ధమైనట్టే. ఇంకా తడబడుతున్నా చదవండి, పర్వాలేదు. టికెట్లు మాత్రం ఇప్పుడే కొనొద్దు.

ఈ పాఠానికి నీళ్లు అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, ఫోన్‌లో మ్యాప్, పిల్లల స్కూల్ క్యాలెండర్ చాలు.

"కరీబియన్‌లో డైవింగ్‌కి ఏ దీవి బెస్ట్?" అని చాలామంది అడుగుతుంటారు. వంద డైవ్‌లు చేసి ఒక్కడే వెళ్లేవాడికి ఒక జవాబు ఉంటుంది, అమ్మమ్మతో సహా అయిదుగురు వెళ్లే ఇంటికి వేరే జవాబు ఉంటుంది. కుటుంబాలకు నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో నీళ్లంటే ఎవరికి ఎక్కువ బెరుకో, వాళ్ల వైపు నుంచి వెతకడం మొదలుపెట్టండి. వాళ్లకు హాయిగా ఉండే దీవిలో అనుభవం ఉన్నవాళ్లకూ మంచి డైవ్‌లు దొరుకుతాయి. అటు నుంచి ఇటు వస్తే మాత్రం కుదరదు.

నాకిది దెబ్బ తిన్నాకే తెలిసింది. మా అబ్బాయికి 12 ఏళ్లు, సర్టిఫికేషన్ కార్డు వచ్చి నెల కూడా కాలేదు. నాకు పలంకార్ రీఫ్ (రీఫ్ అంటే పగడపు దిబ్బ) చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. అందుకని మెక్సికోలోని కోజుమెల్‌కి బుక్ చేశాను. అక్కడ ఎక్కువగా చేసేది డ్రిఫ్ట్ డైవ్. నీటి ప్రవాహమే మనల్ని రీఫ్ వెంట తీసుకుపోతుంది, పడవ పైన మన బుడగలను చూసుకుంటూ వెనకే వస్తుంది. అలవాటైనవాళ్లకు అంతకన్నా సుఖం లేదు. మావాడికి మాత్రం కాళ్ల కింద రోడ్డు కదిలిపోతున్నట్టు అనిపించింది. 14 మీటర్ల లోతులో నా జాకెట్ పట్టీ పట్టుకున్నవాడు మళ్లీ వదల్లేదు. ఇరవై నిమిషాలకే, ట్యాంకులో ఎంత గాలి మిగిలిందో చూపే వాడి గేజ్ 200 బార్ నుంచి 100కి పడిపోయింది. అంత వేగంగా గాలి పీలుస్తున్నాడంటే ఎంత టెన్షన్ పడుతున్నాడో అర్థమైంది. డైవ్ ఆపేశాం. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకొచ్చాం. పడవెక్కాక వాడన్న మొదటి మాట, "నాన్నా, ఆగుదామంటే ఆగడం లేదు." దీవి తప్పేం లేదు, గైడ్ తప్పూ లేదు. వాడి వయసుకీ అనుభవానికీ అది మొదటి సముద్రం కాకూడదు. ఆ తప్పు నాదే.

కాగితం మీద ఇల్లు

కాగితం మీద వెళ్లే ప్రతి మనిషి పేరూ రాయండి. పక్కన వయసు, డైవింగ్ కార్డు ఉందా లేదా, ఈత వచ్చా, ఆస్తమా, సైనస్, చెవి ఇబ్బంది ఏమైనా ఉన్నాయా అన్నది రాయండి. చివర ఒక గడి వదిలిపెట్టి, మిగతావాళ్లు నీళ్లలో ఉన్నప్పుడు ఈ మనిషి ఏం చేస్తారో అందులో నింపండి. జనం ఎక్కువగా మరిచిపోయేది ఈ గడినే.

పిల్లల వయసు దగ్గర కచ్చితంగా ఉండాలి. డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడీ సంస్థ నియమాల ప్రకారం, పిల్లలకు మొదటి డైవింగ్ కార్డు ఇచ్చే జూనియర్ ఓపెన్ వాటర్ కోర్సుకి 10 ఏళ్లు నిండాలి. 10, 11 ఏళ్ల పిల్లలు 12 మీటర్లు దాటి దిగకూడదు. కార్డు ఉన్న అమ్మో నాన్నో, లేదంటే పాడీ ఇన్‌స్ట్రక్టరో డైవ్‌మాస్టరో పక్కనే ఉండాలి. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లు కార్డు ఉన్న పెద్దవాళ్ల తోడుతో 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. 8 ఏళ్లు నిండినవాళ్లకు బబుల్‌మేకర్ అని ఒకటుంది, 2 మీటర్ల లోతులో ట్యాంకు గాలి పీల్చి చూస్తారు. "మా పాప చాలా ధైర్యవంతురాలు" అన్నది ఇక్కడ పనికిరాదు. ఎదుగుతున్న ఊపిరితిత్తులను, చెవులను దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దులివి.

పాఠం కోసం ఒక ఇంటిని అనుకుందాం. డాలస్‌లో ఉంటారు. నాన్నకు ఓపెన్ వాటర్ కార్డు ఉంది. అమ్మకు ఈత రాదు. బాబుకు 13 ఏళ్లు, జూనియర్ కార్డు చేతికొచ్చింది. పాపకు 9. కాకినాడ నుంచి వచ్చిన అమ్మమ్మకు 68 ఏళ్లు, శాకాహారి. జూన్‌లో బడి సెలవులివ్వగానే వెళ్లాలి. పాఠం చివర ఈ ఇంటికి దీవి ఖరారు చేద్దాం.

మ్యాప్‌లో గాలి

డైవింగ్ పుస్తకాల కన్నా ముందు నేర్చుకోవాల్సిన పని ఇది. కరీబియన్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచి వీస్తుంది. దీవికి తూర్పు ఒడ్డున అలలు విరుచుకుపడుతుంటే, పడమటి ఒడ్డు దీవి చాటున ప్రశాంతంగా ఉంటుంది. మ్యాప్ తెరిచి చూడండి. బొనేర్ ముఖ్య పట్టణం క్రాలెండైక్ పడమటి వైపే. కోజుమెల్ రీఫ్‌లు పడమటి వైపే. గ్రాండ్ కేమన్‌లో సెవెన్ మైల్ బీచ్, సెయింట్ క్రోయ్‌లో ఫ్రెడరిక్‌స్టెడ్ రేవు కూడా పడమరే. హోటల్ వాళ్లు "బీచ్ ఎదురుగానే" అని ఫొటో పెడితే, ఆ బీచ్ దీవికి ఏ వైపున ఉందో ముందు చూడండి. తూర్పు ఒడ్డున చవగ్గా గది దొరికిందంటే, పొద్దున్నే పిల్లలను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లడానికి కారెక్కాల్సి వస్తుందేమో లెక్క వేసుకోండి.

దీనికి మినహాయింపులున్నాయి. బొనేర్ తూర్పు వైపున లాక్ బే ఉంది. రీఫ్ అడ్డుగోడలా నిలబడటంతో లోపల నడుము లోతు గోరువెచ్చని నీళ్లే ఉంటాయి. గాలి మాత్రం బాగా తగులుతుంది. అందుకే విండ్‌సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లు అక్కడికి చేరతారు.

క్యాలెండర్

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. మన బంగాళాఖాతంలో తుఫాను, అక్కడ హరికేన్, రెండూ ఒకటే జాతి. ఉధృతంగా ఉండేది ఆగస్టు రెండో సగం నుంచి అక్టోబర్ దాకా. ముందే రావన్న భరోసా లేదు. 2024లో బెరిల్ హరికేన్ జులై 1నే గ్రెనడాకు చెందిన కారియకూ దీవిని నేలమట్టం చేసినంత పని చేసింది.

అమెరికాలో ఉండేవాళ్లకు బడి సెలవులు సరిగ్గా ఈ నెలల్లోనే పడతాయి. అందుకే వేసవిలో వెళ్లేవాళ్లను నేను దక్షిణానికి చూడమంటాను. వెనిజులా తీరానికి దగ్గరగా అరుబా, కురసావ్, బొనేర్ అని మూడు డచ్ దీవులున్నాయి. దాదాపు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉండటం వల్ల హరికేన్‌లు సాధారణంగా వీటికి ఉత్తరంగా వెళ్లిపోతాయి. ఎప్పుడూ రావని కాదు, చాలా అరుదు.

క్రిస్మస్ సెలవులకైతే లెక్క మారుతుంది. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లగాలులు దిగినప్పుడు కోజుమెల్‌లో రేవు అధికారులు చిన్న పడవలను ఆపేస్తారు. ఒకటి రెండు రోజులు ఊరికే కూర్చోవాల్సి రావచ్చు. నాలుగు రోజుల ట్రిప్ అయితే అది సగం సెలవు.

నీళ్లలోకి దారి

నా దృష్టిలో ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే. పడవ మీంచి వెనక్కి దొర్లి దూకడం వేరు, ఒడ్డు నుంచి నడిచి దిగడం వేరు. ఒడ్డు నుంచి దిగితే సమయం మన చేతుల్లో ఉంటుంది. పిల్ల "ఇవాళ వద్దు" అంటే తువ్వాలు చుట్టుకుని కూర్చుంటుంది, పడవలో మిగతా పదిమంది ఎదురుచూడరు.

ఒడ్డు డైవ్‌లకు బొనేర్ పెట్టింది పేరు. అక్కడి సముద్రం 1979 నుంచి రక్షిత మెరైన్ పార్క్. 80కి పైగా డైవ్ చోట్లున్నాయి, వాటిలో చాలావాటికి ఒడ్డు నుంచే దిగొచ్చు. పికప్ ట్రక్ అద్దెకు తీసుకుని, వెనక ట్యాంకులు వేసుకుని బయల్దేరతారు. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాయి మీద చోటు పేరు రాసి ఉంటుంది, అక్కడ ట్రక్ ఆపడమే. ట్రక్‌లో విలువైనవేమీ వదలొద్దని అక్కడి వాళ్లే చెబుతారు. మొదటి రోజు అందరూ అక్కడి నియమాలు విని, ఒక పరీక్ష డైవ్ చేయాలి. గ్లవ్స్ నిషేధం.

ఫొటోల్లో కనపడని సంగతి ఒకటుంది. చాలా చోట్ల ఒడ్డున ఇసుక ఉండదు, విరిగిన పగడపు ముక్కలుంటాయి. వీపు మీద ట్యాంకు బరువుతో వాటి మీద నడిస్తే అడుగు అటూ ఇటూ జారుతుంది. గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి. మేం చేసే పద్ధతి ఇది. ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) చేతికి తగిలించుకుని, ట్యాంకు గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని పక్కకు నడుస్తాం. అల వచ్చినప్పుడు ఆగుతాం, వెళ్లాక రెండడుగులు వేస్తాం. నడుము లోతు రాగానే జాకెట్‌లో గాలి నింపి తేలుతూ, ఒకరి భుజం పట్టుకుని ఒకరు ఫిన్స్ తొడుక్కుంటాం. 13 ఏళ్ల పిల్లాడికి ఇది ఒక్క రోజులో వచ్చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం కష్టం.

కురసావ్‌లో టగ్‌బోట్ అనే చోటుంది. చిన్న పడవొకటి సుమారు 5 మీటర్ల లోతులో కూర్చుని ఉంటుంది, ఒళ్లంతా పగడాలు పట్టేశాయి. పైన స్నార్కెల్‌తో (నీటి మీద తేలుతూ ఊపిరి పీల్చుకునే గొట్టం) తేలుతున్న పాపకు పడవ మొత్తం కనిపిస్తుంది, కింద డైవ్ చేస్తున్న నాన్న చెయ్యి ఊపితే అదీ కనిపిస్తుంది. పిల్లలతో వెళ్లినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. అందరూ ఒకే చోట, ఒకే వస్తువును చూస్తారు. సాయంత్రం భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికి అందరికీ ఒకే కథ ఉంటుంది.

గ్రాండ్ కేమన్‌లో స్టింగ్‌రే శాండ్‌బార్ దగ్గర నడుము లోతు నీళ్లలో నిలబడితే చాపలా చదునుగా ఉండే స్టింగ్‌రే చేపలు కాళ్ల చుట్టూ తిరుగుతాయి. ఒకప్పుడు జాలర్లు అక్కడే చేపలు శుభ్రం చేసేవారు, ఆ తిండికి అవి అలవాటు పడ్డాయి. ఖర్చు మాత్రం ఎక్కువ. సెయింట్ క్రోయ్‌లో ఫ్రెడరిక్‌స్టెడ్ రేవు స్తంభాల మధ్య లోతు తక్కువ, ఓపికగా వెతికితే సముద్రపు గుర్రాలు కనిపిస్తాయి. హోండురస్‌లోని రొవాతాన్‌లో వెస్ట్ బే ఇసుక తీరం నుంచి ఈదుకుంటూ రీఫ్‌కి చేరొచ్చు.

బెలీజ్ బ్లూ హోల్ గురించి అడగనివాళ్లు లేరు. దాదాపు 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు ఉన్న గుండ్రటి బిలం అది. రాతి స్తంభాలు వేలాడేది 40 మీటర్ల దరిదాపుల్లో. పిల్లల కార్డుతో అది కుదరదు, కొత్త ఓపెన్ వాటర్ కార్డుతో పెద్దవాళ్లకూ తగదు. బెలీజ్ వెళ్తే హోల్ చాన్ అనే రక్షిత సముద్ర ప్రాంతంలో స్నార్కెల్ చేయండి, అది చాలు.

డాక్టరు, వీసా, తిరుగు ఫ్లైట్

డైవ్ షాపులో ఆరోగ్య ఫారం ఇస్తారు. దానిలో కొన్నిటికి "అవును" అని రాస్తే డాక్టరు సంతకం లేకుండా నీళ్లలోకి దింపరు. ఆ ఫారం ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని, అవసరమైతే మీ డాక్టరు చేతే సంతకం చేయించుకోండి. దీవిలో కాళ్లూ చేతులూ ఆడని పరిస్థితి రాదు. లోతు నుంచి పైకొచ్చాక ఒంట్లో గాలి బుడగలు కట్టి జబ్బు చేస్తే ఒత్తిడి చికిత్స చేసే చాంబర్ ఆ దీవిలో ఉందో లేదో కూడా అడగండి. బొనేర్, కోజుమెల్, గ్రాండ్ కేమన్, రొవాతాన్‌లలో ఉన్నాయి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దీవి ఏ దేశం కిందికి వస్తుందో చూడాలి. బొనేర్ వెళ్లడానికి చూడాల్సింది డచ్ నియమాలు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. తిరిగి అమెరికాలోకి రావడానికి పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్‌కి ఇంకా గడువు ఉందా అన్నది మరీ ముఖ్యం. అది అయిపోయినవాళ్లకు సెయింట్ క్రోయ్ మంచి దారి, అమెరికా భూభాగమే కాబట్టి. అయినా తిరుగు ప్రయాణంలో అక్కడ పత్రాలు చూస్తారు, అందరివీ వెంట ఉంచుకోండి.

వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కేలోపు కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యుల సలహా. నేను 24 గంటలు పెట్టుకుంటాను. అంటే చివరి రోజు డైవ్ లేకుండా గడవాలి. అందుకే ఆ రోజుకు ఒడ్డు మీద చూడదగ్గదేమైనా ఉన్న దీవి కావాలి.

డాలస్ ఇంటికి దీవి

ఇప్పుడు కాగితం చూద్దాం. జూన్ కాబట్టి దక్షిణపు దీవులే. బాబుకు డైవ్, పాపకు స్నార్కెల్, ఈత రాని అమ్మకు లైఫ్ జాకెట్‌తో దిగే నిదానమైన బీచ్, అమ్మమ్మకు నీడ, నడవడానికి ఊరు. నేనైతే కురసావ్ అంటాను. టగ్‌బోట్ ఉంది. చివరి రోజుకు విల్లెమ్‌స్టడ్ పాత పట్టణం, నీళ్ల మీద తేలే వంతెన ఉన్నాయి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని, చిన్న కుక్కర్, కందిపప్పు, చింతపండు సూట్‌కేస్‌లో పెట్టుకుంటే అమ్మమ్మ భోజనం గురించి బెంగ ఉండదు. నాన్న ఒక్కరికే అయితే ఆలోచించకుండా బొనేర్ అనేవాడిని. రెండేళ్లాగి, పాపకు కార్డు వచ్చాక, అప్పుడు బొనేర్.

అభ్యాసం

మీ ఇంటి కాగితం నింపండి, చివరి గడి ఖాళీగా వదలొద్దు. మ్యాప్‌లో బార్బడోస్ తెరిచి, కార్లైల్ బే దగ్గర డైవర్లు ఎందుకు చేరతారో గాలి లెక్కతో చెప్పండి. ఇంకో ప్రశ్న. మీ తిరుగు ఫ్లైట్ శనివారం మధ్యాహ్నం 2 గంటలకు. 18 గంటల లెక్కన, 24 గంటల లెక్కన ఆఖరి డైవ్ నుంచి ఎప్పటికల్లా పైకి వచ్చేయాలి? జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో డైవ్ షాపుకి బుకింగ్‌కి ముందు రాయాల్సిన మెయిల్‌ని వాక్యం వాక్యంగా తయారుచేద్దాం. ఈ కాగితం అప్పుడు మళ్లీ కావాలి, పారేయకండి.