బెంగళూరు నర్సుకు ఆన్‌లైన్ ఎఫ్‌ఎన్‌పీ: ఏది ముందు, ఏది తర్వాత

ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్, పొట్టిగా ఎఫ్‌ఎన్‌పీ, అంటే పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరినీ చూసి, రోగం తేల్చి, పరీక్షలకీ మందులకీ చీటీ రాయగలిగే నర్సు. ఇది అమెరికా లైసెన్సు. మన దగ్గర ఆ పేరుతో లైసెన్సు లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన ప్రాక్టీషనర్ కోర్సుల్లో క్రిటికల్ కేర్‌ది, మిడ్‌వైఫరీది ఉన్నాయి. అవీ ఆసుపత్రిలో ఉండి చేయాల్సినవే. పైగా యూజీసీ 2020 నిబంధనల్లో దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ ఇవ్వకూడని డిగ్రీల జాబితాలో నర్సింగ్ కూడా ఉంది. కాబట్టి మారతహళ్లిలో ఇంట్లో కూర్చునే ఎన్‌పీ (నర్స్ ప్రాక్టీషనర్) అయిపోవచ్చని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే, డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి.

అమెరికా కాలేజీల ఆన్‌లైన్ ఎఫ్‌ఎన్‌పీ కోర్సుల్లోనూ ఆన్‌లైన్‌లో నడిచేది పాఠాలు, పరీక్షలు మాత్రమే. క్లినికల్ గంటలు అమెరికాలో, మీరు ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు తీసుకున్న రాష్ట్రంలో, ఎదురుగా కూర్చున్న పేషెంటుతో పూర్తి చేయాలి. బెంగళూరులో ఉండగా చేయగలిగింది ఆర్‌ఎన్ వరకు. అది తక్కువ పనేం కాదు.

వీసా లెక్క మొదట

స్టూడెంట్ వీసా, అంటే ఎఫ్-1 మీద పూర్తి ఆన్‌లైన్ కోర్సు కుదరదు. సెమిస్టరుకి ఒక్క ఆన్‌లైన్ క్లాసును, అదీ 3 క్రెడిట్ల వరకే, ఫుల్‌టైమ్ లెక్కలోకి తీసుకుంటారు. ఎఫ్-1 మీద వెళ్లేవాళ్లు క్యాంపస్ ప్రోగ్రామే వెతుక్కోవాలి.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భర్తతో, భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లే తెలుగు నర్సులు చాలామంది. వాళ్ల చదువుకు అడ్డు లేదు. ఉద్యోగానికే వర్క్ పర్మిట్ కావాలి. అది లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరూ రాదు. కొన్ని రాష్ట్రాల్లో ఆ నంబరు లేనిదే ఎన్‌క్లెక్స్ అనే ఆర్‌ఎన్ లైసెన్సు పరీక్ష పాసైనా లైసెన్సు చేతికివ్వరు. అందుకే భర్త ఏ రాష్ట్రంలో ఉంటాడో, అక్కడి నర్సింగ్ బోర్డు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతుందో లేదో చూసుకున్నాకే లైసెన్సుకి దరఖాస్తు పెట్టండి.

మూడో దారి ఆర్‌ఎన్ ఉద్యోగం ద్వారా వచ్చే ఈబీ-3 గ్రీన్ కార్డు. నర్సులకు లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అమెరికన్లు దొరకలేదని తీసుకునే ధ్రువీకరణ) గొడవ లేదు గానీ, ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ పదేళ్లు దాటింది. 2025లో పిలుపు వచ్చినవి 2012, 2013 నాటి దరఖాస్తులు. ఏజెన్సీ ఈ మాట దాటేస్తుంటే మీరే అడగండి.

బెంగళూరులో తేల్చుకోవాల్సిన కాగితాలు

ఎఫ్‌ఎన్‌పీ చదివే ఎంఎస్‌ఎన్‌లో, అంటే అమెరికా నర్సింగ్ మాస్టర్స్‌లో చేరాలంటే సాధారణంగా బీఎస్సీ నర్సింగ్ ఉండాలి. జీఎన్‌ఎం మాత్రమే చేసినవాళ్లు ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేసుకోవడం మేలు. ఎమ్మెస్సీ నర్సింగ్ ఉన్నవాళ్లు మళ్లీ ఎంఎస్‌ఎన్ చేయనక్కర్లేదు. పోస్ట్ మాస్టర్స్ సర్టిఫికెట్ అనే పొట్టి దారి ఉంది. కాలేజీ మీ పాత సబ్జెక్టులు చూసి ఏవి తక్కువయ్యాయో చెబుతుంది.

అమెరికా బోర్డులు చాలావరకు మన చదువును సీజీఎఫ్‌ఎన్‌ఎస్ ద్వారా సరిచూస్తాయి. ఈ సంస్థ ఇప్పుడు ట్రూమెరిట్ పేరుతో నడుస్తోంది. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. ఫారంలో ఒక్కో సబ్జెక్టుకి థియరీ గంటలు, క్లినికల్ గంటలు విడివిడిగా కావాలి. కాలేజీ ఆఫీసులో గుమాస్తా మొత్తం గంటలు ఒకే గడిలో వేసి సీలు కొట్టేస్తాడు. ఆరు నెలల తర్వాత పీడియాట్రిక్స్‌లో, సైకియాట్రీలో, ఓబీజీలో క్లినికల్ గంటలు కనబడడం లేదని అక్కడినుంచి మెయిల్ వస్తుంది. అందుకని సీలు పడకముందే మీరు పక్కన నిలబడి ఒక్కో వరస చదివి చూడండి. కాలిఫోర్నియా అయితే థియరీ, క్లినికల్ ఒకే కాలంలో జరిగాయా అని కూడా చూస్తుంది.

కవరు మీ చేతికిస్తే తీసుకోకండి. కాలేజీ లేదా యూనివర్సిటీ నేరుగా పంపాలి. మీరు పోస్టు చేస్తే చెల్లదు. బీఎస్సీ వాళ్లకి జయనగరలోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, రిజిస్ట్రేషను ధ్రువీకరణకి కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్. చదువు కర్ణాటకలో, రిజిస్ట్రేషను ఆంధ్రలో కూడా ఉంటే రెండు కౌన్సిళ్ల నుంచీ ధ్రువీకరణ అడుగుతారు. ఉద్యోగం మానేటప్పుడు ఎక్స్‌పీరియెన్స్ లెటర్‌లో వార్డు పేరు, వారానికి ఎన్ని గంటలు అన్నవి రాయించుకోండి. "పనిచేశారు" అన్న ఒక్క మాట ఎందుకూ కొరగాదు.

ఇక మన తెలుగువాళ్లకు తప్పని తలనొప్పి ఇంటిపేరు. పదో తరగతి మెమోలో "కె. లక్ష్మి", డిగ్రీలో "లక్ష్మి కె.", పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఇంకొకటి. ఎన్‌క్లెక్స్‌కి రిజిస్టర్ చేసుకున్న పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తేడా ఉంటే సెంటర్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు, ఫీజు తిరిగి రాదు. పాస్‌పోర్టును ఆధారం చేసుకుని, మిగతా పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ ముందే చేయించండి.

ఎన్‌క్లెక్స్ బెంగళూరులోనే రాయొచ్చు, చెన్నైలోనూ సెంటరు ఉంది. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150, పన్ను అదనం. ప్రశ్నలు 85 నుంచి 150 దాకా, సమయం 5 గంటలు. 2023 ఏప్రిల్ నుంచి కేసు ఆధారంగా సాగే ప్రశ్నలు చేరాయి, పాత బిట్ బ్యాంకులు బట్టీపడితే దెబ్బతింటారు. తప్పితే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలి. ఉద్యోగ వీసా మీద వెళ్లేవాళ్లకు వీసాస్క్రీన్ (చదువు, లైసెన్సు, ఇంగ్లీషు సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) కూడా కావాలి. దానికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం 6.5, స్పీకింగ్‌లో 7 రావాలి. హెచ్-4 మీద ఉన్నంతకాలం వీసాస్క్రీన్ అక్కర్లేదు.

ప్రోగ్రామ్ ఎంచుకోవడం

గుర్తింపు చూడండి: సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్, ఎన్‌ఎల్‌ఎన్ సీఎన్‌ఈఏ అనే నర్సింగ్ గుర్తింపు సంస్థల్లో ఏదో ఒకటి. ఏదీ లేకపోతే వదిలేయడమే మంచిది, చివర్లో సర్టిఫికేషన్ పరీక్షకి కూర్చోనివ్వకపోవచ్చు. తర్వాత, మీరుండబోయే రాష్ట్రంలో విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఆ కాలేజీకి ఉందా అన్నది. వెబ్‌సైటులో "స్టేట్ ఆథరైజేషన్" పేజీ ఉంటుంది. ఉద్యోగం మారి కుటుంబం ఇంకో రాష్ట్రానికి వెళ్తే చదువు మధ్యలో ఆగిపోయేది దీనివల్లే.

చాలా కాలేజీలు ఒక ఏడాది ఆర్‌ఎన్ అనుభవం అడుగుతాయి. ఇండియా అనుభవం లెక్కిస్తారా అన్నది ఫోన్లో కాదు, మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్ చేయాల్సి వస్తే మన సాయంత్రం ఏడు తర్వాత చేయండి, అప్పటికి తూర్పు తీరంలో ఆఫీసులు తెరుస్తారు.

ఫీజు క్రెడిట్ లెక్కన ఉంటుంది. 48 క్రెడిట్లు, క్రెడిట్‌కి 650 డాలర్లు అనుకుంటే 31,200. దీనిమీద టెక్నాలజీ ఫీజు, క్యాంపస్‌లో రెండుమూడు రోజుల ప్రాక్టికల్స్‌కి విమానం, హోటలు. గ్రీన్ కార్డు లేనివాళ్లకు ఫెడరల్ లోన్ రాదు. వర్క్ పర్మిట్‌తో ఆర్‌ఎన్‌గా చేస్తుంటే ఆసుపత్రి ఇచ్చే చదువు ఖర్చులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను పడదు, హెచ్‌ఆర్‌ని అడగండి.

మొదటి ఏడాదిలో మూడు సబ్జెక్టులు కీలకం: అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, హెల్త్ అసెస్‌మెంట్. హెల్త్ అసెస్‌మెంట్‌ని ఫిజికల్ అసెస్‌మెంట్ అని కూడా అంటారు కాబట్టి, మూడింటినీ కలిపి అక్కడ "3 P's" అంటారు. ఈ మూడూ వేర్వేరు సబ్జెక్టులుగా ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపించాలి. మన ఎమ్మెస్సీలో ఇవి కలిసిపోయి ఉంటే మళ్లీ చేయమంటారు.

750 గంటలు, ప్రిసెప్టర్

అమెరికా జాతీయ ప్రమాణాలు 2022లో కనీస క్లినికల్ గంటల్ని 500 నుంచి 750కి పెంచాయి. ఇవన్నీ పేషెంటుతో నేరుగా గడిపినవే. సిమ్యులేషన్ ల్యాబ్, భోజన విరామం లెక్కలోకి రావు. వారానికి 16 గంటల చొప్పున 47 వారాలు. పక్కన ఫుల్‌టైమ్ నైట్ డ్యూటీలు చేస్తూ ఇది లాగడం కష్టం, ఆ కాలానికి పార్ట్‌టైమ్‌కి మారండి.

క్లినిక్‌లో మీ పనిని పర్యవేక్షించే ప్రిసెప్టర్‌ని (డాక్టరు లేదా ఎన్‌పీ) చాలా కాలేజీలు మిమ్మల్నే వెతుక్కోమంటాయి. ఎవరు వెతకాలన్నది చేరకముందే అడగాల్సిన మొదటి ప్రశ్న. పిల్లల క్లినిక్, స్త్రీల ఆరోగ్యం రొటేషన్లు దొరకడం మరీ కష్టం. ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. డాక్టరు సరేనన్నా, క్లినిక్‌కీ కాలేజీకీ మధ్య ఒప్పందం లాయర్ల దగ్గర వారాలు నలుగుతుంది. సెమిస్టరు తెరిచేలోగా సంతకం పడకపోతే ఆ కోర్సు వదులుకోవాల్సిందే. తెలుగు సంఘాల్లో ఫ్యామిలీ డాక్టర్లు దొరుకుతారు, మొహమాటపడకుండా అడగండి. బంధువులైతే మాత్రం చాలా కాలేజీలు ఒప్పుకోవు.

క్లినిక్‌లో అడుగుపెట్టే ముందు ఆరోగ్య కాగితాలు కావాలి. మనలో చాలామంది దగ్గర చిన్ననాటి టీకాల కార్డు ఉండదు. అందుకని మీజిల్స్, మంప్స్, రుబెల్లా, చికెన్‌పాక్స్, హెపటైటిస్-బి యాంటీబాడీ పరీక్షలు బెంగళూరులోనే చేయించుకోండి. తక్కువుంటే టీకా డోసులకి నెలలు పడతాయి. బీసీజీ వేయించుకున్నాం కాబట్టి టీబీ చర్మ పరీక్ష ఊరికే పాజిటివ్ చూపొచ్చు. క్వాంటిఫెరాన్ లాంటి ఇగ్రా రక్తపరీక్ష అడగండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కార్డు రెండేళ్లకే చెల్లుతుంది, కాబట్టి ప్రయాణానికి దగ్గర్లో తీసుకోండి.

సర్టిఫికేషన్, ఆ తర్వాత

ఎఫ్‌ఎన్‌పీ సర్టిఫికేషన్‌కి రెండు సంస్థల పరీక్షలున్నాయి, ఒకటి చాలు. ఏఏఎన్‌పీసీబీది 150 ప్రశ్నలు, 3 గంటలు, దాదాపు అంతా క్లినికల్. ఏఎన్‌సీసీది 175 ప్రశ్నలు, మూడున్నర గంటలు, అందులో పరిశోధన, విధానాలు కూడా తగులుతాయి. రోగుల మధ్యే పెరిగిన నర్సులకు మొదటిదే నయం. రెండూ ఐదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి.

పాసయ్యాక రాష్ట్రం ఇచ్చే ఏపీఆర్‌ఎన్ (ప్రాక్టీషనర్ స్థాయి నర్సు) లైసెన్సు, ఎన్‌పీఐ (వైద్య సేవలు అందించేవాళ్ల గుర్తింపు) నంబరు, నియంత్రిత మందులు రాయడానికి డీఈఏ (మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషను తీసుకోవాలి, ఈ చివరిదానికి మూడేళ్లకు 888 డాలర్లు. మామూలు ఆర్‌ఎన్ పోస్టుకి హెచ్-1బీ దొరకడం కష్టం, ఎన్‌పీ పోస్టుకి సాధారణంగా అర్హత ఉంటుంది. హెచ్-4 వాళ్లకు ఇదో దారి. అరిజోనాలో ఎన్‌పీ సొంతంగా చూడొచ్చు, టెక్సస్‌లో మందులు రాయడానికి డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఆ డాక్టరుకిచ్చే నెలవారీ ఫీజు క్లినిక్ కడుతుందా, మీ జీతంలోంచి పోతుందా అన్నది ఆఫర్ లెటర్‌లో ఉందో లేదో చూశాకే సంతకం పెట్టండి.