కొడితే కంప్యూటర్‌కు తాళం వేసే ఎర్ర బటన్

కీబోర్డులా కంప్యూటర్‌కు కీలు పంపే ఆర్డుయినో తరహా చిన్న బోర్డు కావాలి: ప్రో మైక్రో (ఏటీమెగా 32యూ4 చిప్) తీసుకోండి. ఆర్డుయినో ఊనో ఆర్3 వద్దు, దాని ప్రధాన చిప్‌కు సొంత యూఎస్‌బీ లేదు, కీబోర్డుగా నటించలేదు. పెద్ద ఆర్కేడ్ బటన్ కావాలి, చిన్నదైతే కొట్టే సరదా ఉండదు.

బటన్ కింది మైక్రోస్విచ్‌లో కామ్‌ను (ఉమ్మడి కాలు) బోర్డు జీఎన్‌డీకి (గ్రౌండ్), ఎన్ఓను (నొక్కితేనే కలిసే కాలు) 2వ పిన్‌కు సోల్డర్ చేయండి. ఎన్ఓ బదులు ఎన్‌సీని (నొక్కనప్పుడు కలిసి ఉండే కాలు) కలిపితే పని తలకిందులవుతుంది: ముట్టుకోకముందే నొక్కినట్టు లెక్క. ఆర్డుయినో ఐడీఈలో (కోడ్ రాసి బోర్డుకు ఎక్కించే ప్రోగ్రామ్) బోర్డుగా లియోనార్డో ఎంచుకోండి. కోడ్‌లో పిన్‌ను ఇన్‌పుట్ పుల్అప్‌గా (చిప్ లోపలి రెసిస్టర్‌నే వాడే పద్ధతి) పెడితే విడిగా రెసిస్టర్ అక్కర్లేదు. బటన్ నొక్కగానే విండోస్ కీ, చిన్న 'ఎల్' కలిపి (విండోస్‌లో తెరకు తాళం వేసే షార్ట్‌కట్) పంపి, 100 మిల్లీసెకన్ల తర్వాత అన్ని కీలూ వదిలేయాలి. వదలడం మరిస్తే విండోస్ కీ నొక్కుకునే ఉండి, తర్వాత కొట్టే ప్రతి అక్షరం ఏదో షార్ట్‌కట్ అవుతుంది. స్విచ్ లోపలి రేకు అదరడం వల్ల ఒక్క దెబ్బ నాలుగైదుగా నమోదు కావచ్చు, 50 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదవండి.

కోడ్ తప్పి బోర్డు ఆగకుండా కీలు కొడుతుంటే ఆర్‌ఎస్‌టీ (రీసెట్) పిన్‌ను జీఎన్‌డీకి టకటకా రెండుసార్లు తాకించండి. బోర్డు 8 సెకన్లు బూట్‌లోడర్‌లో (కొత్త కోడ్ కోసం ఎదురుచూసే స్థితి) ఉంటుంది. ఆలోగా సరైన కోడ్ ఎక్కించాలి. ఐడీఈలో అసలు బోర్డు పోర్టే కనబడకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి, చాలావాటిలో చార్జింగ్ తీగలే ఉంటాయి.