చుక్క ఒకచోట, మంట ఒకచోట: వేసవి నిప్పుకు ముందే కొండ ఊళ్లు చేసుకోవలసిన పనులు

సంక్రాంతి దాటితే కొండల మీద ఆకు రాలడం మొదలవుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా శ్రీకాకుళం, విజయనగరం కొండ గ్రామాలకు నిప్పు కాలమే. మందస వైపైనా, శృంగవరపుకోట వైపైనా వన సంరక్షణ సమితి కుర్రాళ్ల చేతుల్లో ఇప్పుడు పచ్చికొమ్మలతో పాటు ఫోన్లూ ఉంటున్నాయి. కొమ్మతో మంట కొట్టడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తడబాటంతా ఇక్కడ మంట ఉందని ఉపగ్రహం ఫోను పటంలో చూపే ఎర్రచుక్క దగ్గరే.

ఉపగ్రహం నేల వేడిని గళ్లుగా కొలుస్తుంది. ఉపగ్రహాల్లో ఉండే వీర్స్ అనే వేడి కొలిచే పరికరానికి ఒక గడి 375 మీటర్ల చదరం, అంటే సుమారు 35 ఎకరాలు. అలాంటిదే పాత పరికరం మోడిస్‌కైతే కిలోమీటరు చదరం, దాదాపు 247 ఎకరాలు. మనకు కనిపించే చుక్క ఆ గడికి నడిబొడ్డు. మంట ఏ మూలనైనా ఉండవచ్చు. చుక్క గెడ్డకు (వాగుకు) ఇవతల పడితే నిప్పు అవతలి గట్టున ఉండవచ్చు. అందుకే చుక్క మీదికి నేరుగా పరుగెత్తకండి. ముందు ఎత్తైన చోటి నుంచి పొగ ఎటు లేస్తోందో చూడండి. వాలులో మంట పైకి వేగంగా పాకుతుంది కనుక దానికి ఎగువన నిలబడే దారి పట్టవద్దు. ఒంటరిగా అసలే వద్దు.

ఇక వేళ సంగతి. వీర్స్ ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతాల్లో వెళ్తాయి. ఆ కబురు ఫోనుకు చేరడానికి మరికొంత సమయం. సాయంత్రం నాలుగింటికి అంటుకున్న ఎండుటాకు అర్ధరాత్రి దాటేదాకా ఆ పైవాడి కంటికి ఆనదు. మబ్బు కమ్మినా, గుబురు చెట్ల కింద ఆకు నెమ్మదిగా కాలుతున్నా అంతే. చుక్క రాలేదని కాపలా ఎత్తేసే సమితి కంటే ఫోనే లేని సమితి నయం.

చుక్క ఉండి మంట లేని సందర్భాలూ ఉన్నాయి. ఇటుక బట్టీలు, ఫెర్రో అల్లాయ్స్ కొలుములు కూడా వేడి చుక్కలుగా వెలుగుతాయి. జనవరిలోనే ఉపగ్రహాలు పట్టిన మంటలను చూపే నాసా వారి ఫర్మ్స్ పటంలో గత రెండు మూడేళ్ల చుక్కలు తీసి, కాలంతో పని లేకుండా ఒకే చోట కనిపించేవాటిని కొట్టేయండి. మిగిలినవాటిలో మార్చి, ఏప్రిల్ గుంపులు ఎక్కడున్నాయో ఊరి పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చే చోటు ఏదో, పోడు కాల్చే వాలు ఏదో వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. ఆ కుటుంబాలతో ముందే మాట్లాడండి. ఆకు తగలబెట్టే బదులు ఊడ్చి, చెట్టు కింద గుడ్డ పరచవచ్చు. ఆ పటాన్ని ఎవరి మీదా ఫిర్యాదుకు సాక్ష్యంగా పట్టుకెళ్లకండి. 35 ఎకరాల గడి ఎవరి చేను అంటుకుందో చెప్పలేదు. పైగా ఒకసారి నమ్మకం పోతే మంట కబురు మోసుకొచ్చేవాళ్లే ఉండరు.

అక్షాంశాలు రాసుకునేటప్పుడు జాగ్రత్త. ఒకసారి నేనే 18 డిగ్రీల 45 నిమిషాలను 18.45 అని కొట్టి, కుర్రాళ్లను వేరే మండలానికి పంపబోయాను. అది నిజానికి 18.75. తేడా 33 కిలోమీటర్లు. అందరూ ఒకే పద్ధతిలో, దశాంశాల్లోనే రాసుకోవాలని ఇప్పుడే ఒప్పుకోండి.

మార్చిలో ఉపగ్రహ చిత్రాలతో తీసిన పచ్చదనం పటం చూసి అడవి నరికేశారని గగ్గోలు పెట్టేవారు ఏటా కొందరుంటారు. మనది చాలావరకు ఆకురాల్చే అడవి. ఈ నవంబరు చిత్రాన్ని నిరుటి నవంబరుతో పోల్చండి, అంతే. 10 మీటర్ల వివరంతో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. జీడిమామిడి తోటలు మాత్రం వేసవిలోనూ పచ్చగా ఉండి అడవిలా మభ్యపెడతాయి.

దేహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ పంపే మంట హెచ్చరికలకు ఎవరైనా ఫోను నంబరు నమోదు చేసుకోవచ్చు. అటవీ శాఖ బీటు అధికారి నంబరుతో పాటు మీదీ ఉండనివ్వండి. కొండెక్కాక సిగ్నల్ ఉండదు, పటాన్ని ఇంటి దగ్గరే ఫోనులోకి దింపుకోండి. ఒక కాగితం ప్రతి కూడా తీసి, ఏప్రిల్ దాకా నీరు నిలిచే చెలమలను పెన్సిలుతో దాని మీద గుర్తు పెట్టించండి. అవి ఎక్కడున్నాయో పశువుల కాపరులను అడగాలి.