పైన్‌వుడ్ డర్బీ కారు వేగంగా పరుగెత్తాలంటే దానిని ఎలా సిద్ధం చేయాలి?

అమెరికాలో కబ్ స్కౌట్స్ అనే చిన్నపిల్లల స్కౌట్ విభాగంలో చేరిన పిల్లలున్న ఇంటికి, అది ఫ్రిస్కోలో ఉన్నా ఎడిసన్‌లో ఉన్నా, ఏదో ఒక రోజు ఒక చిన్న అట్టపెట్టె వస్తుంది. అందులో ఏడు అంగుళాల పైన్ కర్ర దిమ్మ, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా వాడవలసిన నాలుగు మేకులు ఉంటాయి. ఆ దిమ్మతో చిన్న కారు చేసి, మధ్యన సన్నని పట్టా ఉన్న వాలు దారిలో వదిలే పందెమే పైన్‌వుడ్ డర్బీ. పిల్లలు ఇంజిను లేని బండ్లలో కూర్చుని వాలు దిగే సోప్ బాక్స్ డర్బీలో పాల్గొనే వయసు రాని తన కొడుకు కోసం డాన్ మర్ఫీ అనే కబ్‌మాస్టర్ (కబ్ స్కౌట్ దళ నాయకుడు) 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో ఈ పందెం మొదలుపెట్టాడు. ఇంజిను, బ్యాటరీ ఏవీ లేని ఈ కారుకు వాలు పైభాగాన నిలబెట్టినప్పుడు ఎంత శక్తి ఉంటుందో అంతే దాని ఆస్తి. ఆ ఆస్తిలో వృథా అయ్యేదానిలో ఎక్కువ భాగం ఇరుసుల రాపిడికీ, పట్టాకు కొట్టుకోవడానికీ ఖర్చవుతుంది. ఈ సంగతి తెలియక మూడు వారాలు ఆకారానికీ రంగుకూ వెచ్చించి, పందెం ముందు రాత్రి పదకొండు గంటలకు ఇరుసులను సుత్తితో దిగగొట్టే తండ్రులను ఏటా చూస్తూనే ఉన్నాను.

ముందుగా మీ ప్యాక్ (మీ పిల్లలు చేరిన స్కౌట్ దళం) నిబంధనల కాగితాన్ని పూర్తిగా చదవండి. బరువు ఐదు ఔన్సులకు, పొడవు ఏడు అంగుళాలకు, వెడల్పు రెండు ముప్పావు అంగుళాలకు మించకూడదన్నది సాధారణంగా అందరూ పాటించే నియమం. బేరింగులు, వాషర్లు, బుషింగులు నిషిద్ధం. ఇరుసును వంచవచ్చునా, నాలుగు చక్రాలూ నేలను తాకవలసిందేనా అన్న రెండు విషయాలలో మాత్రం ప్యాక్‌కూ ప్యాక్‌కూ తేడా ఉంటుంది కనుక ఆ రెండింటినీ అడిగి తెలుసుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి.

ఆకారం గురించి చెప్పవలసింది తక్కువ. ముందు భాగం పలుచగా, మొత్తం మీద చదునుగా కోయండి. దిమ్మకు రెండు చివరల దగ్గర ఇరుసులు దిగడానికి ఉన్న గాళ్లలో ఒకటి చివరకు మరింత దగ్గరగా ఉంటుంది. ఆ వైపు కారుకు వెనుక భాగం కావాలి. బొమ్మ గీయడం, ఉప్పు కాగితంతో రుద్దడం, రంగు వేయడం పిల్లల పనులు, వారికే వదిలేయండి. రంపమూ డ్రిల్లూ పెద్దల చేతుల్లోనే ఉండాలి.

కారును ఐదు ఔన్సుల దగ్గరకు తేవడానికి కలిపే బరువుకు టంగ్‌స్టన్ లోహం తప్ప మరొకటి వాడకండి. సీసం చవకే గాని విషపదార్థం, పిల్లలు ముట్టుకునే వస్తువులో దానికి చోటు లేదు. పైగా టంగ్‌స్టన్ సీసం కన్నా చాలా సాంద్రమైనది కనుక కొద్ది చోటులోనే ఎక్కువ బరువు ఇముడుతుంది. బరువునంతా వెనుకకు చేర్చి, కారును ఒక స్కేలు అంచు మీద అడ్డంగా నిలిపినప్పుడు వెనుక ఇరుసుకు ముందు దాదాపు ఒక అంగుళం దూరంలో తూగేలా చూడండి. వాలు మీద నిలబెట్టినప్పుడు బరువు ఎంత వెనుక ఉంటే అంత ఎత్తున ఉంటుంది, దిగడానికి అంత ఎక్కువ లోతు దొరుకుతుంది. ఆ హద్దు దాటి మరీ వెనుకకు జరిపితే ముందు చక్రాలు తేలిపోయి కారు పట్టా మీద నుంచి ఎగిరిపడుతుంది. ఐదు ఔన్సులంటే 141.7 గ్రాములు. ఇంటి తూకం 141 చూపగానే ఆపండి, చివరి చిన్న ముక్కను తీయడానికి వీలుగా అమర్చుకోండి.

ఇరుసుల నునుపు విసుగు పుట్టించే పనే గాని కష్టమైనది కాదు. మేకు తల కింద తయారీలో మిగిలిన బొడిపెలను సన్నని ఆకురాయితో తీసివేసి, మేకును డ్రిల్‌కు బిగించి తిప్పుతూ 400 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 600, 1000, 2000 వరకు తడిపి రుద్దండి. తల లోపలి వైపును మరచిపోకండి, ఎందుకంటే చక్రం ఒరుసుకునేది అక్కడే. తరువాత చక్రం రంధ్రంలోనూ ఇరుసు మీదా గ్రాఫైట్ పొడి పట్టించి చాలాసేపు తిప్పండి. కుట్టు మిషను నూనె చుక్క వేస్తే చాలదా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. చాలా ప్యాక్‌లు పొడి కందెననే అనుమతిస్తాయి; నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది కూడా.

ఇక అసలు పని, చక్రాల దారి దిద్దడం. ఇక్కడ తొందరపడితే పైన చేసినదంతా వృథా.

కారు తిన్నగా వెళ్లాలని అందరూ కోరుకుంటారు. వాస్తవానికి పూర్తిగా తిన్నగా వెళ్లే కారంటూ ఉండదు. తిన్నగా దిద్దామనుకున్న కారు మధ్య పట్టాకు ఒకసారి ఎడమవైపు, మరొకసారి కుడివైపు కొట్టుకుంటూ దిగుతుంది, కొట్టుకున్న ప్రతిసారీ వేగం పోగొట్టుకుంటుంది. అందువల్ల ఒక ముందు చక్రం పట్టాను ఆనుకుని, దాని లోపలి అంచు ఒక్కటే మెల్లగా రాసుకుంటూ వెళ్లేలా కారును ఉద్దేశపూర్వకంగా ఒక వైపుకు మళ్లించాలి. వెనుక చక్రాలు అప్పుడు పట్టాను తాకనే తాకవు. తిన్నగా దిద్దడమే సరైనదని వాదించే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. వారి కార్లు పట్టాను కొట్టే చప్పుడు గదంతా వినిపిస్తుంది.

నిబంధనలు అనుమతిస్తే రెండవ ముందు చక్రాన్ని నేలకు తగలకుండా కాస్త పైకి అమర్చండి. నేలను తాకని చక్రాన్ని తిప్పడానికి శక్తి ఖర్చు కాదు. కుడి ముందు చక్రం పైకి లేచి ఉంటే దారి చూపేది ఎడమ ముందు చక్రం. పట్టా దానికి కుడివైపున ఉంటుంది కనుక కారు కుడివైపుకే మళ్లాలి. లేచిన చక్రం ఏ వైపున ఉంటే కారు ఆ వైపుకు మళ్లాలన్నమాట. దీనిని తలకిందులుగా చేసినవారి కారు బల్ల మీద అందంగానే నడుస్తుంది, పట్టా ఎక్కిన తరువాత మాత్రం తాకకూడని చక్రాలతోనే దానిని ఒరుసుకుంటుంది.

బరువులన్నీ అమర్చకుండా ఈ పని మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ముందు చక్రం మీద పడే బరువు మారితే మళ్లే తీరు కూడా మారుతుంది. నాలుగు అడుగుల నున్నని బల్ల తీసుకుని రసమట్టంతో సమంగా ఉంచండి. రసమట్టాన్ని మాత్రమే నమ్మకండి. కారును ఒక చివర నుంచి వదిలి చూసి, తరువాత రెండవ చివర నుంచి కూడా వదలండి. రెండుసార్లూ కారు తన కుడికే, దాదాపు అంతే దూరం మళ్లితే బల్ల సమంగా ఉన్నట్టే.

మొదట వెనుక చక్రాలు. కారును మెల్లగా ముందుకు తోసినా, వెనుకకు లాగినా రెండు వెనుక చక్రాలూ ఇరుసు తల వైపుకే జరగాలి. ముందుకు తోసినప్పుడు బయటికీ, వెనుకకు లాగినప్పుడు కర్ర వైపుకూ జరిగే చక్రానికి ఇరుసు వంకరగా దిగిందని అర్థం. వంచిన ఇరుసులు వాడేవారు వెనుక ఇరుసుల తలలు స్వల్పంగా పైకి ఉండేలా అమర్చుకుంటే చక్రాలు వాటంతట అవే తల దగ్గర నిలుస్తాయి. కర్రకూ చక్రానికీ మధ్య క్రెడిట్ కార్డు మందం సందు ఉంచండి. వెనుక చక్రాలు కుదరకుండా ముందు చక్రాన్ని ముట్టుకోవద్దు.

తరువాత దారి చూపే ముందు చక్రం. దీని ఇరుసును, నునుపు చేసిన భాగానికి దెబ్బ తగలకుండా, కర్రలోకి దిగే చోట రెండు డిగ్రీల మేర వంచి, తల మీద స్క్రూడ్రైవర్ పట్టేంత సన్నని గాడి కోయండి. మొదట తల కిందికి వంగి ఉండేలా అమర్చి, స్క్రూడ్రైవర్‌తో గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాలు కదిలినంత మాత్రమే తిప్పండి. తిప్పిన ప్రతిసారీ ఒకే గీత నుంచి, తోయకుండా, బల్లను కాస్త ఎత్తి కారును వదలాలి. ఎంత దూరం మళ్లిందో పిల్లల చేత కొలిపించి రాయించండి. ఈ పనిలో వారు మనకన్నా నిజాయితీగా ఉంటారు. నాలుగు అడుగుల దూరానికి రెండు అంగుళాలకు తగ్గకుండా, మూడుకు మించకుండా మళ్లాలి. అంతకన్నా తక్కువైతే కారు పట్టాను వదిలి ఊగుతుంది, ఎక్కువైతే దానిని అదేపనిగా ఒత్తుతూ నెమ్మదిస్తుంది. కొలత కుదిరిన తరువాత కూడా వరుసగా కొన్నిసార్లు వదిలి, అదే చోటికి చేరుతున్నదని నిశ్చయించుకోండి. ఇరుసులను వంచడం మీ ప్యాక్‌లో నిషిద్ధమైతే పట్టకారుతో తల పట్టుకుని, గాడిలో ఇరుసు కోణాన్ని వెంట్రుకవాసి చొప్పున మార్చుతూ ఇదే కొలతకు రావాలి. సమయం ఎక్కువ పడుతుంది.

ఆ తరువాత కారు అడుగు భాగంలో, చక్రానికి దూరంగా, ఒక్కో ఇరుసు దగ్గర ఒక చుక్క జిగురు వేసి రాత్రంతా కదపకుండా వదిలేయండి. చక్రాలు దేనికీ తగలకుండా పెట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి పందేనికి తీసుకువెళ్లండి. తూకం దగ్గర బరువు ఎక్కువైతే చివరి టంగ్‌స్టన్ ముక్కను తీయండి, తక్కువైతే మరో చిన్న ముక్కను కారు తూగే చోటుకు దగ్గరగా కలపండి. పందెం ముగిసేదాకా కారును ఇంటి నేల మీద ఎవరినీ తోయనివ్వకండి, తాతగారు వచ్చి ఒక్కసారి చూస్తానన్నా సరే.