కలంకారీ అని కొడితే చీరలే వస్తాయి

మా లైబ్రరీకి వచ్చే ఫ్యాషన్ డిజైన్ పిల్లలు మొదటి సెమిస్టర్‌లో చెప్పే మాట ఒకటే. "మేడమ్, కలంకారీ మీద ఏమీ దొరకట్లేదు." ఫోన్ చూపించమంటాను. గూగుల్‌లో కలంకారీ అని కొట్టి ఉంటారు. వచ్చినవన్నీ చీరలు, ధరలు, ఫ్రీ డెలివరీలు. సమాచారం లేక కాదు, దాన్ని పిలవాల్సిన పేరుతో పిలవలేదు.

మాది మంగళగిరి. నాన్న గుంట మగ్గం మీద నేసేవారు. విజయవాడలో ఈ కాలేజీ లైబ్రరీలో చేరి పదకొండేళ్లయింది. పడుగు, పేక అన్న మాటలు వింటూ పెరిగిన నాకు, అవే పుస్తకాల్లో వార్ప్, వెఫ్ట్ అయి కూర్చుంటాయని అలవాటు కావడానికి కొన్నాళ్లు పట్టింది. మీకూ పడుతుంది.

ముందు నోట్‌బుక్‌లో ఒక పేజీ మధ్యగా నిలువు గీత గీయండి. ఎడమవైపు మన మాట, కుడివైపు పుస్తకం మాట. గుంట మగ్గానికి పిట్ లూమ్. ఎరుపు రంగిచ్చే చిరివేరుకు చే రూట్. రంగు గుడ్డను పట్టుకునేలా చేసే పటికలాంటిదేదైనా మోర్డెంట్. మైనం పూసి రంగు అంటకుండా ఆపితే అది రెసిస్ట్. ఈ చివరి రెండు మాటలూ రాకపోతే ఏ మ్యూజియం సైటూ మీకు సగమే తెరుచుకుంటుంది.

కలంకారీ దగ్గర కాస్త ఆగుదాం. ఈ గుడ్డ మన తీరం నుంచి ఓడలెక్కిన రోజుల్లో కొన్న ప్రతివాడూ తన నోటికి తిరిగిన పేరు పెట్టుకున్నాడు. పోర్చుగీసువాళ్లకు పింటాడో, డచ్చివాళ్లకు సిట్స్, ఫ్రెంచివాళ్లకు ఇందియెన్, ఇంగ్లీషువాళ్లకు చింట్జ్. మంచం మీదా గోడకూ వేసే పెద్ద దుప్పటైతే పాలంపోర్. ఊరి పేరు కూడా అంతే. పాత రికార్డుల్లో మచిలీపట్నం బదులు ఎక్కువగా మసూలిపటం ఉంటుంది, విజయవాడ బదులు బెజవాడ. తీరాన్నంతా కలిపి కోరమాండల్ కోస్ట్ అంటారు.

పెడన నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్లింట్లో అచ్చుల పనే. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సైట్ తెరిచి చింట్జ్, కోరమాండల్ కోస్ట్ అని కొట్టించాను. బొమ్మలు వరసగా దిగాయి. ఒకదాన్ని వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూసి, "ఇది అచ్చు కాదు మేడమ్, చేత్తో గీసింది" అంది. కింద చదవమన్నాను. పెయింటెడ్ అనే ఉంది.

ఆ కింద ఉండేదే అసలు సరుకు. దాన్ని ఆబ్జెక్ట్ రికార్డ్ అంటారు. ప్లేస్ ఆఫ్ ఆరిజిన్ అంటే తయారైన చోటు. టెక్నిక్ అంటే చేసిన పద్ధతి. తేదీ ముందు సర్కా అనో, సి ఏ అనో ఉంటే సుమారుగా అని అర్థం. దాన్ని ఎగరగొట్టి ఉత్త 1750 అని రాయకండి. యాక్సెషన్ నంబర్ ఆ వస్తువుకు మ్యూజియం ఇచ్చిన సొంత నంబరు. బొమ్మ దాచుకునేటప్పుడు ఇది కూడా రాసుకుంటే ఎన్నేళ్లకైనా మళ్లీ దొరుకుతుంది.

రాసుకోకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఒకబ్బాయి ఎక్కడో దొరికిన బొమ్మను మచిలీపట్నం కలంకారీ అని పోర్ట్‌ఫోలియోలో పెట్టాడు. నేనూ చూసి బాగుందన్నాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అది ఇరాన్ గుడ్డని పట్టేశారు. ఇస్ఫహాన్‌లోనూ కలంకార్ అనే పేరుతో అచ్చు గుడ్డలు చేస్తారు, చూపుకి మనవాటిలాగే ఉంటాయి. వాడి మార్కులు పోయాయి, నా పరువు పోయింది. అప్పట్నుంచి ముందు గూగుల్ లెన్స్‌లో పెట్టి, బొమ్మ మొదట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడనిదే ఊరుకోను.

ప్రైమరీ సోర్స్ అంటే ఆ కాలపు వస్తువో, ఆ కాలపు కాగితమో. ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన 1866లో భారతదేశపు గుడ్డముక్కలు 700 అతికించి 18 సంపుటాలు చేయించాడు. అది ప్రైమరీ. దాని గురించి ఇవాళ ఎవరో రాసిన వ్యాసం సెకండరీ. వన్‌టౌన్ వస్త్రలతలో మీరు కొన్న ముక్కను కూడా, కొట్టు పేరూ తేదీ రాసి పెట్టుకుంటే, నేను ప్రైమరీ కిందే లెక్కేస్తాను.

ఇక రాక్‌ల సంగతి. "కాల్ నంబర్ చెప్పు నాన్నా" అంటే ఒకడు తన మొబైల్ నంబర్ చెప్పాడు. పుస్తకం వీపు మీద అతికించిన నంబరది. చిక్కేమిటంటే, విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో మన సబ్జెక్టు ఒక్కచోట ఉండదు. వేషధారణ చరిత్ర 391, కుట్టుపని 646, బట్టల తయారీ పరిశ్రమ 677, అద్దకం 746.6, ఫ్యాషన్ డిజైన్ 746.92. ఒక రాక్ చూసి లేదనుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. క్యాటలాగ్‌లో సబ్జెక్ట్ హెడింగ్, అంటే పుస్తకం విషయానికి లైబ్రరీ పెట్టే పేరు, అది కూడా చూడండి. ఫ్యాషన్ అని వెతికితే రానివి క్లోతింగ్ అండ్ డ్రెస్ అంటే వస్తాయి.

వెతికేటప్పుడు రెండు మూడు మాటలు కలిసే రావాలంటే డబుల్ కొటేషన్లలో పెట్టండి. ఇదో అదో చాలంటే మధ్యలో OR అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. చీరల కొట్లు రాకూడదంటే శారీ అనే మాటకు ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగ అనే సైట్‌లో ఉచితం. నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా చూడండి. పెద్ద ఫ్యాషన్ డేటాబేస్‌లు డబ్బులడుగుతాయి. కాలేజీకి చందా ఉందో లేదో నన్ను అడగండి, సొంత కార్డు గీకకండి.

వచ్చేటప్పుడు ఆ గీత గీసిన నోట్‌బుక్ తెచ్చుకోండి. రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వను. కావలసిన పేజీ ఫోటో తీసుకోవచ్చు, కాకపోతే టైటిల్ పేజీ ఫోటో ముందు తీయాలి.