చెన్నైలో బి.ఏ. ఎకనామిక్స్: 140 క్రెడిట్ల లెక్క

నేను కావలిలో పినాకిని రైలు ఎక్కి చెన్నైలో దిగింది 2013లో. ఇంటర్లో సీఈసీ, తెలుగు మాధ్యమం. ఇప్పుడు ఏటా వేసవి చివర్లో మా వైపు పిల్లలు ఫోను చేసి, "అక్కా, ఎకనామిక్స్‌లో సీటు వచ్చింది, ఏమేం చూసుకోవాలి?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పాఠ్యపుస్తకాల కంటే ముందు నిబంధనల కాగితం సంపాదించండి. మద్రాసు విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలల్లో ఈ డిగ్రీకి మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు, 140 క్రెడిట్లు, అంటే పేపర్లు పూర్తిచేసిన కొద్దీ ఖాతాలో చేరే పాయింట్లు. నాలుగేళ్లు, 160 క్రెడిట్ల ఆనర్స్ గురించి పత్రికల్లో చదివి కంగారు పడకండి, అది వేరే చట్రం. ఈ 140 ఐదు భాగాలుగా ఉంటాయి. మొదటిది భాష, రెండోది ఇంగ్లీషు, మూడోది అసలు ఎకనామిక్స్, దాని అనుబంధ సబ్జెక్టులు. నాలుగో భాగంలో పర్యావరణం, విలువల విద్య వంటి చిన్న పేపర్లు. ఐదోది ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, క్రీడల వంటి కార్యక్రమాలకు ఒక్క క్రెడిట్.

మొదటి భాగంలో తెలుగు తీసుకునే వీలు మీ కళాశాలలో ఉందో లేదో చేరేముందే అడగండి. తమిళం ఎన్నడూ చదవని వాళ్లు వేరే భాష తీసుకుంటే, నాలుగో భాగంలో ప్రాథమిక తమిళం రెండు పేపర్లు రాయాలి. ఆరో తరగతి స్థాయే. భయపడకండి, ఇష్టంగా నేర్చుకోండి. బస్సు బోర్డు చదవగలిగిన రోజున ఈ ఊరు నాకు పరాయిది కాకుండా పోయింది.

హాజరు 75 శాతం ఉండాలి. మార్కుల్లో 25 కళాశాల అంతర్గత పరీక్షలకు, 75 సెమిస్టర్ పరీక్షకు. ఆ 75లో కనీసం 30 రావాలి, మొత్తం మీద 40. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలల్లో ఈ పంపకం మారుతుంది, వాళ్ల కాగితమే చూసుకోండి. తప్పిన పేపరును ఇక్కడ అరియర్ అంటారు. దాన్ని పేరుకుపోనివ్వకుండా వచ్చే సెమిస్టర్లోనే తీర్చేయండి.

ఇక లెక్కలు. సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు ఇంటర్లో లెక్కలు చదవరు కాబట్టి తడబడేది ఇక్కడే, నేనూ తడబడ్డాను. గణితం, గణాంకశాస్త్రం పేపర్లు ఎలాగో గట్టెక్కితే చాలనుకుంటే సూక్ష్మ అర్థశాస్త్రం (మైక్రో ఎకనామిక్స్) చేతికి రాదు. డెరివేటివ్ అన్న మాట నాకు అర్థమైంది మా హాస్టల్ ముందున్న ఇడ్లీ బండి దగ్గర. వంద ఇడ్లీలకు మూడు వందల ఖర్చు అనుకోండి, సగటున ఒక్కోటి మూడు రూపాయలు. పొయ్యి ఎలాగూ మండుతోంది, మనిషి ఎలాగూ నిలబడి ఉన్నాడు. కాబట్టి నూట ఒకటో ఇడ్లీకి పిండి ఖర్చు రెండు రూపాయలే. ఆ రెండు రూపాయలే ఉపాంత వ్యయం. మొత్తం వ్యయపు వక్రరేఖకు ఆ చోట ఉన్న వాలును కొలవడమే డెరివేటివ్. ఇది మనసుకు పట్టాక సూత్రాలు బట్టీ పట్టే అవసరం తగ్గింది. మొదటి సెమిస్టర్ మొదలయ్యేలోపే లెక్కలున్న ఎంఈసీ చదివిన స్నేహితుల ఇంటర్ గణితం పుస్తకం తెచ్చుకుని ప్రమేయాలు (ఫంక్షన్లు), అవకలనం (డెరివేటివ్ కట్టడం), మాత్రికలు (మ్యాట్రిక్స్) రోజుకు గంట చేయండి. పై చదువు ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం. 2021 నుంచి పీజీ సీట్ల కోసం ఐఐటీలు పెట్టే జామ్ ప్రవేశ పరీక్షలో ఎకనామిక్స్ పేపరు ఉంది, అందులో గణితమూ గణాంకాలూ అడుగుతారు.

చివరగా నాకు జరిగినది. ఎకనామిక్స్ పేపర్లన్నీ మంచి మార్కులతో పూర్తయ్యాయి. ఆరో సెమిస్టర్ ఫలితాల్లో మొత్తం 139 క్రెడిట్లే అని వచ్చింది. ఎన్‌ఎస్‌ఎస్ శిబిరానికి వెళ్లాను, చెట్లు నాటాను, కానీ కళాశాల పంపిన జాబితాలో నా పేరు లేదు. ఆ ఒక్క క్రెడిట్ సరిచేయించేసరికి ఎం.ఏ. ప్రవేశాల గడువు దాటిపోయింది. అమ్మకు ఫోనులో ఏం చెప్పాలో తెలియక ఆ రాత్రి మెరీనా ఇసుకలో చాలాసేపు కూర్చున్నాను.

అందుకే ఒక నోటుపుస్తకంలో ఐదు భాగాలకూ ఐదు పేజీలు కేటాయించండి. ప్రతి సెమిస్టర్ మార్కుల పత్రం రాగానే పేపరు పేరు, కోడ్, క్రెడిట్లు అందులో ఎక్కించండి. శిబిరానికి వెళ్లిన రోజే హాజరు పత్రం నకలు అడిగి తీసుకోండి. ఐదో సెమిస్టర్ మొదట్లో ఆ పుస్తకం పట్టుకుని కార్యాలయానికి వెళ్లి, వాళ్ల లెక్కా మీ లెక్కా ఒకటేనో కాదో పక్కన నిలబడి సరిచూసుకోండి. తేడా దిద్దించుకోవడానికి అప్పటికి ఇంకా ఏడాది ఉంటుంది.