షెఫీల్డుకు కొత్తగా వచ్చిన మనవాళ్లకు: తెలిసిన ఇంగ్లీషు మాటల గురించి

గత ఫిబ్రవరి చివరలో మా పక్క వీధిలో నలుగురు విద్యార్థులు కలిసి ఉంటున్న ఇంట్లో ఒక అబ్బాయికి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఖమ్మం దగ్గరి ఒక ఊరి నుంచి చదువు కోసం వచ్చి అప్పటికి ఐదు వారాలే అయింది. రెండో రోజు ఉదయం ఎనిమిది గంటలకు డాక్టరు క్లినిక్కుకు ఫోను చేసి, ఫీవర్ ఉందనీ, రెండు రోజులుగా మోషన్స్ అవుతున్నాయనీ తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. ఫోను ఎత్తిన ఆమెకు మోషన్స్ అన్న మాట అర్థం కాలేదు. “హ్యావ్ యూ బీన్ సిక్?” అని ఆమె అడిగితే, ఒంట్లో బాగా లేదా అని అడుగుతోందనుకుని అవునన్నాడు. ఎన్నిసార్లు అని అడిగితే, ఇక్కడికి వచ్చాక ఇదే మొదటిసారి అన్నాడు. ఆమె అడిగింది వాంతుల గురించి. ఒకే ఒక్క వాంతి అయిందని ఆమె రాసుకుని, నీళ్లు ఎక్కువగా తాగమనీ, రెండు రోజుల్లో తగ్గకపోతే మళ్లీ చేయమనీ చెప్పింది. మర్నాడు సాయంత్రానికి ఆ అబ్బాయి మంచం దిగి నిలబడలేకపోతే, మిగిలిన ముగ్గురూ వచ్చి నన్ను పిలిచారు. అత్యవసరంగా వైద్య సలహా ఇచ్చే 111 నంబరుకు ఫోను చేసి, వాళ్లు చెప్పినట్లు ఆసుపత్రికి తీసుకువెళ్తే, రాత్రంతా సెలైన్ ఎక్కించి మధ్యాహ్నానికి పంపించారు.

ఆ అబ్బాయికి ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేరు. ఇంజినీరింగు నాలుగేళ్లూ ఇంగ్లీషులోనే చదివాడు, ఇక్కడికి రావడానికి రాసిన ఐఈఎల్‌టీఎస్‌లో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. ఫోనులో జరిగిన ఆ సంభాషణలో అతనికి తెలియని మాట ఒక్కటి కూడా లేదు. నేను ఇది రాయడానికి కారణం అదే. తెలియని మాట ఎదురైతే మనం ఆగుతాం, అడుగుతాం, లేదా ఫోనులో వెతుక్కుంటాం. తెలుసు అనుకున్న మాట దగ్గర ఆగాలన్న ఆలోచనే రాదు. కవరు, కరెంటు, హోటలు, మోషన్స్, షుగరు, గ్యాసు, బీపీ లాంటివి మన అమ్మమ్మలు కూడా వాడే మాటలు. అవి ఎప్పుడో తెలుగులో కలిసిపోయి, మనం వాటికి మన అర్థాలు ఇచ్చుకున్నాం, మన ఊళ్లలో అవి చక్కగా పనిచేస్తాయి. విమానం దిగిన తరువాత కూడా అవి ఇంగ్లీషు మాటలే కదా అన్న ధీమాతో వాడడం వల్లనే చిక్కు వస్తుంది.

నేను 2010 జనవరిలో, మంచు మోకాళ్ల దాకా పేరుకుని ఉన్న రోజుల్లో వచ్చాను. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఊరి నుంచి రెండు ఇన్‌హేలర్లు తెచ్చుకున్నాను. వచ్చిన వారంలోనే, దగ్గరలోని సర్జరీలో పేరు నమోదు చేసుకోవాలని విశ్వవిద్యాలయం వారు ఒక కాగితం ఇచ్చారు. సర్జరీ అంటే శస్త్రచికిత్స అని నాకు తెలుసు, నాకు శస్త్రచికిత్సతో పని లేదు, కాబట్టి ఆ కాగితాన్ని పక్కన పెట్టాను. ఈ దేశంలో మామూలు డాక్టరు కూర్చునే క్లినిక్కునే సర్జరీ అంటారని ఎవరినైనా అడిగితే ఒక్క నిమిషంలో తెలిసేది. మార్చి నెలలో రెండో ఇన్‌హేలరు కూడా అయిపోయింది. ఒక రాత్రి ఊపిరి అందక మెట్ల మీద కూర్చుండిపోతే, పక్కింటి పెద్దావిడ చూసి కారులో ఆసుపత్రికి తీసుకువెళ్లింది. రెండు నెలల పాటు చేతిలో ఉన్న కాగితం నాకు చెప్పవలసింది చెప్పింది, నేనే తెలుసుననుకుని చదవలేదు. ఆ రాత్రి గుర్తుకు వస్తే ఇప్పటికీ మనసు స్థిమితంగా ఉండదు.

బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, సిమ్ కార్డు ఎక్కడ దొరుకుతుంది, బస్సు పాసు ఎంత అన్నవి మీకు మీ సీనియర్లు చెబుతారు. నేను మాటల గురించే చెబుతాను.

దుకాణంలో జరిగే పొరపాట్లు చిన్నవే కాబట్టి త్వరగా ముగిస్తాను. కర్డ్ అని రాసి ఉన్న సీసా పెరుగు కాదు. లెమన్ కర్డ్ అనేది గుడ్లు, వెన్న, పంచదార, నిమ్మరసం కలిపి చేసే తీపి పదార్థం. గుడ్డు తినని వారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పెరుగు కావాలంటే నేచురల్ యోగర్ట్ అని చూడండి. బ్రింజాల్ అంటే ఎవరికీ తెలియదు, వంకాయను ఓబర్జీన్ అంటారు. చిప్స్ అంటే వేయించి వేడిగా ఇచ్చే బంగాళాదుంప ముక్కలు, ప్యాకెట్లలో దొరికేవి క్రిస్ప్స్. నాన్‌వెజ్ అన్న మాట ఇక్కడివారు వాడరు, వెజ్ అంటే వారి దృష్టిలో కూరగాయలు మాత్రమే. శాకాహారులైతే వెజిటేరియన్ అని పూర్తిగా చెప్పి, గుడ్డు కూడా తినమని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వెజిటేరియన్ భోజనంలో గుడ్డు ఉండవచ్చు.

మన షెఫీల్డు చుట్టుపక్కల మాటలు మరికొన్ని ఉన్నాయి. ఎవరైనా టీకి రమ్మంటే కప్పు టీ తాగి వచ్చేయడానికి కాదు, రాత్రి భోజనానికి. డిన్నర్ అంటే చాలామంది ఇళ్లలో మధ్యాహ్న భోజనం. హాఫ్ సెవెన్ అంటే అచ్చం మన ఏడున్నరే. మన షెఫీల్డు ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో పాతవారు వైల్ అన్న మాటను ‘వరకు’ అన్న అర్థంలో వాడతారు, కాబట్టి నైన్ వైల్ ఫైవ్ అంటే తొమ్మిది నుంచి ఐదు వరకు అని. “యూ ఆల్‌రైట్?” అన్నది పలకరింపు, దుకాణంలో అయితే ఏం కావాలి అని. దానికి మీ ఆరోగ్య సమాచారం చెప్పనక్కరలేదు.

డబ్బుకూ వీసాకూ సంబంధించిన రెండు మాటల దగ్గర మాత్రం ఆగాలి. మొదటిది అద్దె. పీడబ్ల్యూ అంటే వారానికి, పీసీఎం అంటే నెలకు. వారానికి 150 పౌండ్లంటే నెలకు 600 అని లెక్క వేసుకుంటారు. ఏడాదికి 52 వారాలు కాబట్టి నెలకు 650 అవుతుంది. రెండవది వారం అన్న మాటే. డిగ్రీ, ఆపై స్థాయి చదువుల విద్యార్థులు చదువు సాగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదని అందరికీ తెలుసు, కానీ వారం అంటే సోమవారంతో మొదలయ్యే ఏడు రోజులని నియమాలలో రాసి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ వారం 26 గంటలు, వచ్చే వారం 14 గంటలు చేసి, సగటున 20 అయింది కదా అంటే నియమం తప్పినట్లే. అలాగే మాస్టర్స్ చదివేవారు వేసవి రాగానే సెలవులు అనుకుంటారు. ప్రాజెక్టు నివేదిక రాసే ఆ నెలలు సాధారణంగా టర్మ్‌లోకే, అంటే చదువు సాగే కాలంలోకే వస్తాయి, అందువల్ల మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన తేదీలు చూడకుండా గంటలు పెంచకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోనిది, ఒంట్లో బాగాలేనప్పుడు వాడే మాటలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నేర్చుకోని మాటను 103 జ్వరంలో ఎవరూ నేర్చుకోలేరు. అన్నట్టు, ఆ 103 కూడా ఇక్కడ పనికిరాదు. మనం జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చెబుతాం, వీరు సెల్సియస్‌లో కొలుస్తారు. మన 100.4 వీరికి 38, అక్కడి నుంచి జ్వరంగా లెక్కిస్తారు. మన 102 అంటే 39కి కొంచెం తక్కువ. “హ్యావ్ యూ గాట్ ఎ టెంపరేచర్?” అంటే జ్వరం ఉందా అని అర్థం, ఎంత ఉంది అని కాదు.

సిక్ అన్న మాట సంగతి చెప్పాను. ఐ హ్యావ్ బీన్ సిక్ అంటే వాంతి చేసుకున్నాను అని. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి అన్‌వెల్ అనండి, ఇక్కడివారు పూర్లీ అంటారు. మోషన్స్ బదులు డయేరియా అనండి. డాక్టర్లు మాత్రం ఎదురుగా ఉన్నది పెద్దవారైనా కడుపును టమ్మీ అంటారు, మలవిసర్జన అవుతోందా అనడానికి బవెల్స్ ఓపెన్ అవుతున్నాయా అంటారు, వాటర్‌వర్క్స్ ఎలా ఉన్నాయి అంటారు. చివరిది మూత్రం గురించి, నీటి కుళాయి గురించి కాదు. సూది గుచ్చే ముందు షార్ప్ స్క్రాచ్ అంటారు. మీవారిని థియేటర్‌కు తీసుకువెళ్లారని నర్సు చెబితే ఆపరేషన్ గదికి అని తెలుసుకోండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేవి రెండు మాటలు. ఒకటి వీక్‌నెస్. మనకు నీరసంగా ఉంటే వీక్‌నెస్ అంటాం. డాక్టరుకు ఆ మాట చెబితే, చేతిలోనో కాలిలోనో బలం పోయిందేమో, పక్షవాతమేమో అన్న అనుమానం రావచ్చు. అటుపైన అడిగే ప్రశ్నలన్నీ ఆ దారిలోనే పోతాయి. నీరసానికి టైర్డ్, నో ఎనర్జీ అని చెప్పండి. రెండవది గ్యాస్. ఛాతీలో పట్టేసినట్లుంటే మనవారు, ముఖ్యంగా పెద్దవారు, గ్యాస్ అని తేల్చేస్తారు. దయచేసి జబ్బు పేరు మీరు పెట్టకండి. ఛాతీలో నొప్పి అయితే చెస్ట్ పెయిన్ అనే చెప్పండి, ఉన్నట్టుండి వచ్చి తగ్గకపోతే అంబులెన్సు కోసం 999కు ఫోను చేయండి. గ్యాస్ అవునో కాదో వారు చూసి చెబుతారు.

తల్లిదండ్రులు చూడడానికి వచ్చినప్పుడు ఇదే జాగ్రత్త రెట్టింపు కావాలి. నాన్నగారికి షుగర్ ఉందంటే నర్సుకు అర్థం కావచ్చు, కాకపోవచ్చు, డయాబెటిస్ అనండి. బీపీ ఉందంటే, బీపీ అందరికీ ఉంటుంది కదా అన్నట్లు చూస్తారు, హై బ్లడ్ ప్రెషర్ అని పూర్తిగా చెప్పాలి. డోలో వేసుకున్నాం అంటే ఏ మందో తెలియదు, పారాసిటమాల్ అనీ, ఎన్ని మిల్లీగ్రాములనీ చెప్పాలి. వేడి చేసిందన్న మాటకైతే ఇంగ్లీషులో సాటి మాటే లేదు. బాడీ హీట్ అంటే జ్వరం చూస్తారు. మీకు ఏమవుతోందో అదే చెప్పండి: నోట్లో పుండ్లు పడ్డాయా, మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందా, ముక్కు నుంచి రక్తం వచ్చిందా.

అర్థం కాకపోయినా యెస్, యెస్ అని తల ఊపడం మన వాళ్లలో నేను రోజూ చూస్తున్నాను. ఎదుటివారు ఏమనుకుంటారో అన్న మొహమాటం అది. మొహమాటం పెళ్లి భోజనంలో పెట్టుకోండి, డాక్టరు దగ్గర పెట్టుకోకండి. “సారీ, వాట్ డజ్ దట్ మీన్?” అన్న నాలుగైదు మాటలు నోటికి రావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది, మీకు అంతకాలం పట్టడానికి కారణమేమీ లేదు.

మిమ్మల్ని భయపెట్టి వదిలేయడం నా ఉద్దేశం కాదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. నేను ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక ఒక్కరూ విసుక్కోలేదు. ఈ దేశంవారికే ఒకరి మాట ఒకరికి తెలియదు. మనం ఇక్కడ బ్రెడ్‌కేక్ అనే గుండ్రటి రొట్టెను నాటింగ్‌హామ్‌లో కాబ్ అంటారు, మాంచెస్టర్‌లో బార్మ్ అంటారు, ఒక ఊరివారు మరో ఊరికి వెళ్లి వేలుతో చూపించి కొనుక్కోవడం నేను చూశాను. చెవి కూడా దానంతట అదే తెరుచుకుంటుంది. నాలుగైదు నెలలు గడిచేసరికి బస్సులో వెనక కూర్చున్నవారి మాటలు విడివిడిగా వినిపించడం మొదలవుతుంది. మీ ఇంగ్లీషు చెడ్డదేమీ కాదు.

ఖమ్మం అబ్బాయి ఇప్పుడు బాగున్నాడు. వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించుకున్నారు, అందులో డయేరియా, అన్‌వెల్, టెంపరేచర్ 38 అని వరుసగా రాసి ఉంది. దానికింద నేను ఒక్కటి చేర్పించాను, మీరూ రాసుకోండి: డాక్టరు దగ్గర సమయం తీసుకునేటప్పుడు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందుగా అడిగితే ఎన్‌హెచ్ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ వారు ఏర్పాటు చేస్తారు, దానికి మీ దగ్గర డబ్బు తీసుకోరు.